నిద్ర కోరని ఉత్సాహము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



25 సంవత్సరములుగా మన యూరికి విజ్ఞానమును పంచిపెట్టిన ఈ గ్రంథాలయ రజతోత్సవమున నాకు మాటలాడు అవకాశము నిచ్చిన కార్యవర్గమువారికి కృతజ్ఞతాపూర్వక వందనములు. ఇట్టి సభలలో గ్రంథాలయోద్యమమును గూర్చియు, అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటి మహనీయుల సేవను గూర్చియు ప్రసంగించుట వాడుక. ఆ పని నా తరువాత మాటలాడు పెద్దలు చేయుదురు. నేనొక వ్యాధిని గూర్చి చెప్పదలచితిని.

ఉత్సవమునాడు రోగముల ముచ్చట యేల యని మీకు తోచవచ్చును. కాని ఆ వ్యాధి మా యింట ప్రవేశించిన కొలది దినములకే ఈ గ్రంథాలయ సభలో, ఈ వేదిక మీదనే, నలుగురి కంటబడినది. మీరును చూచితిరి, నేనును చూచితిని. ఒక్కరమును గుర్తింపలేకపోతిమి. అందుచే ఆ మాట ఇచ్చటనే చెప్పుట న్యాయమని తలచితిని. నేను వైద్యుడను కాను. ఈ చుట్టుపట్ల బడులలో ముప్పదియేండ్లు పాఠములు చెప్పినవాడను. ఇప్పుడు చెప్పబోవునది వైద్యులవలన విని, గ్రంథములలో చదివి, మా యింట అనుభవించి తెలిసికొన్నది. ఎవరిని గూర్చి చెప్పుచున్నానో అతడు నా తమ్ముడు. అతని అనుమతితోనే చెప్పుచున్నాను.

మా తమ్ముడు నాలుగెకరముల మెట్టరైతు, మితభాషి. 2009లో అతడు నాలుగు నెలలపాటు మంచము విడువక, ఎవరితోను మాటలాడక, అన్నము మీద ధ్యాస లేక పడియుండెను. కొందరు దిగులనిరి, కొందరు సోమరితనమనిరి. దానంతట అది తగ్గినది. మేమును మరచితిమి.

2011లో శివరాత్రి వెళ్లిన వారమది. అతడు రాత్రి రెండు గంటలకే లేచి వాకిలి ఊడ్చి, పశువులను కడిగి, తెల్లవారకముందే చేనికి పోవుచుండెను. పగలెల్ల ఊరంతయు తిరిగి అందరిని పేరుపేరున పలుకరించుచుండెను. ఎన్నడును నోరు విప్పనివాడు చతురోక్తులతో నవ్వించుచుండెను. మా తల్లి దిష్టి తీసినది. “నా బిడ్డకు మంచిరోజులొచ్చినాయి” అన్నది. నేనును అట్లే తలచితిని.

ఒకనాడు మా మరదలు బడివద్దకు వచ్చి, గోడచాటున నిలిచి, “బావగారూ, ఆయన కన్ను మూసి వారం దినాలాయె. అయినా అలుపనేది లేదు. నాకు భయమేస్తా ఉంది” అన్నది. “పని ధ్యాసలో ఉన్నాడులేమ్మా. మగవాడు కష్టపడుతుంటే భయమెందుకు?” అని పంపివేసితిని. ఆనాడు ఆమె చెప్పినది వైద్యశాస్త్రము. నేను చెప్పినది అజ్ఞానము.

ఆ మరుసటి వారము మన గ్రంథాలయ వార్షికోత్సవము. తమ్ముడు వేదికనెక్కి గంటసేపు మాటలాడి, గ్రంథాలయ భవనమునకు లక్ష రూపాయలు విరాళమిత్తునని ప్రకటించెను. మనమందరము చప్పట్లు కొట్టితిమి. అతని యింట ఆనాడు పదివేలైనను లేవు. పదునేడు దినములలో అతడు మూడు బోర్లు వేయించెను. ఒకటి 600 అడుగులు దిగినను నీరు పడలేదు. బోరుబండివాని బాకీకి రెండెకరములు అయినకాడికి తెగనమ్మెను. అడ్డుపడిన భార్యపై చేయి చేసికొనెను. అంతకుముందెన్నడును ఆమెను ఏకవచనముతో కసరినవాడుకూడ కాడు. తుదకు తాను చెన్నకేశవస్వామి పంపగా వచ్చినవాడననియు, నల్లమలలోని వాన తన మాట వినుననియు చెప్పసాగెను. అప్పుడుగాని మాకు కన్ను తెరువలేదు.

ఇది బైపోలార్ వ్యాధిలోని ఒక దశ. దీనిని మేనియా యందురు. మనము ఉద్రేకదశ యనవచ్చును. ఈ వ్యాధికి రెండు కొనలు కలవు. ఒక కొన క్రుంగుదశ, రెండవది ఉద్రేకదశ. నడుమ రోగి నెలలకొలది, ఏండ్లకొలదికూడ, అందరివలెనే యుండును. మా తమ్ముడు 2009లో పడియున్నది మొదటి కొన. 1899లో జర్మనీ దేశపు వైద్యుడు క్రేపెలిన్ ఈ రెండును ఒకే వ్యాధిగ వర్గీకరించెను. మనము మాత్రము పడియున్నవానిని సోమరి యనియు, చెలరేగినవానిని పొగరుబోతనియు, దేవుని పేరు చెప్పినచో గాలి సోకినదనియు, మూడు పేర్లు పెట్టి మూడు దారులకు పంపుచున్నాము.

ఇది ఎక్కడనో యొకచో ఉండు వ్యాధియు కాదు. 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేక్షణము ప్రకారము మన దేశమున వేయిమంది పెద్దలలో సుమారు ఐదుగురు జీవితమున ఎప్పుడో ఒకప్పుడు దీని పాలగుచున్నారు. మూడువేల జనమున్న ఊరిలో పదిమందికి తక్కువ కాకుండ నుందురన్నమాట. ఎక్కువమందికి ఇది పదునెనిమిదికిని ముప్పదికిని నడుమ మొదలగును, అనగా చదువు, పెండ్లి, సంసారము స్థిరపడు వయస్సులో. కొన్ని కుటుంబములలో తరతరములుగ కనబడును. ఇది నడవడిలోని లోపము కాదు, పెంపకములోని తప్పు కాదు.

ఇక గుర్తించుట యెట్లు? అన్నిటికంటె ముందు నిద్రను చూడవలెను. చింతచే నిద్రపట్టనివాడు ఉదయమున వాడిపోయి లేచును. ఉద్రేకదశలోనివాడు రెండు మూడు గంటలు నిద్రించి, లేదా అసలే నిద్రింపక, ఎనిమిది గంటలు నిద్రించినవానివలె లేచును. నిద్ర రాకపోవుట వేరు, నిద్ర అక్కరలేకపోవుట వేరు. ఈ భేదమొక్కటి మీరు ఇంటికి తీసికొనిపోయినచో నా ఉపన్యాసము వ్యర్థము కాలేదని తలచెదను.

రెండవది మాట. మాట వేగముగ, ఎడతెగక, ఎదుటివానికి సందీయక సాగును. ఒక ముచ్చట ముగియకముందే మరియొకటి వచ్చును. మిరపధరతో మొదలిడి, వెలిగొండ కాలువమీదుగ, పిల్లదాని పెండ్లికి పోవును. తలలో తలపులు పరుగెత్తుచున్నవని రోగియే చెప్పును. మూడవది చూపు నిలువకుండుట. చిన్న చప్పుడైనను దృష్టి అటు మరలును. నాలుగవది తన్ను గూర్చిన అతిశయము. నాకు తెలియనిది లేదు, కలెక్టరుగారు నా మాట కాదనరు అనును. ముదిరినచో దైవాంశ కలదనును. ఐదవది తీరని పని. ఒకేమారు పది వ్యాపారములు తలపెట్టును, అర్ధరాత్రి బంధువులకు ఫోనులు చేయును, మొదలిడినదేదియు ముగింపడు. ఆరవది ముందువెనుకలు లేని సాహసము. బంగారము కుదువబెట్టుట, కనబడినదెల్ల కొనుట, జూదము, అతివేగముగ బండి తోలుట, తన స్వభావమునకు విరుద్ధముగ స్త్రీపురుష మర్యాద తప్పుట. వీటన్నిటి అడుగున మితిమీరిన సంతోషముండును. కొందరిలో సంతోషమునకు మారుగ చిరచిర, కోపము, అనుమానము ఉండును. సంతోషము కనబడనంత మాత్రమున ఇది మేనియా కాదనుకొనరాదు.

పై లక్షణములలో మూడో నాలుగో కలిసి, రోజులో అధికభాగము, వారము దినములు నిలిచినచో వైద్యులు దీనిని మేనియాగ నెంచుదురు. స్థితి తీవ్రమై ఆసుపత్రి అవసరమైనచో వారము నిండవలెనను నియమము లేదు. ఇవే లక్షణములు కొంత తక్కువగ, నాలుగు దినములైన నిలిచి, సంసారమును కూల్చనంత మట్టున నున్నచో హైపోమేనియా యందురు. అది చూచువారికి ముచ్చటగ నుండును. కాని అది ముదిరి మేనియాయు కావచ్చును, దాని వెనుక క్రుంగుదశయు రావచ్చును.

మన మెట్టప్రాంతమున ఈ గుర్తింపు మరింత కష్టము. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో ఎవడు రెండవ బోరు వేయలేదు? ఎవడు అప్పుచేసి మిరప పెట్టలేదు? ఆశలేనిదే ఇచ్చట సేద్యము లేదు. కావున బోరును చూచి రోగమును నిర్ణయింపరాదు. మనిషిని చూడవలెను. సాహసి యగు రైతు లెక్క వేయును, ఇంటివారితో తర్కించును, బోరు పడకపోయినచో ఆ రాత్రి క్రుంగును, అలసి నిద్రించును. రోగికి నష్టము తగులదు. మూడవ బోరు ఎండినప్పుడు మా తమ్ముడు నవ్వెను! ఆ నవ్వును నేను ధైర్యమనుకొంటిని. ఇతడు తన నిన్నటి స్వభావమునకు ఎంత దూరము పోయినాడు అన్నదే ప్రశ్న. ఆ దూరము మొదట కనిపెట్టునది ఇంటి ఇల్లాలు. ఆమె మాట కొట్టివేయరాదు.

స్త్రీలలో ఈ దశను మనము మరింత పొరపడుదుము. ఇల్లాలు చెలరేగి మాటలాడిన గయ్యాళి యందుము, దైవము పేరెత్తిన పూనకమందుము. జాతరలో వచ్చిన పూనకము కొంతసేపటికి దిగును, ఆమె ఇంటికి వచ్చి అన్నము వండుకొని నిద్రించును. దినములకొలది దిగనిది పూనకము కాదు. ముఖ్యముగ, కాన్పయిన మొదటి వారములలో బాలెంతరాలు నిద్రలేక, ఎడతెగక మాటలాడుచు, అసంబద్ధముగ ప్రవర్తించినచో ఒక్క దినమైనను ఆలస్యము చేయరాదు. తల్లికిని బిడ్డకును అది ప్రమాదము. ఇదియు గాక, థైరాయిడ్ గ్రంథి అతిగ పనిచేయుట, కొన్ని స్టెరాయిడ్ మందులు, గంజాయి మొదలగు మత్తుపదార్థములు ఇట్టి స్థితిని కల్పింపవచ్చును. అది ఏదియో తేల్చుట వైద్యుని పని, మనది కాదు.

గుర్తించిన తరువాత చేయవలసినదేమి? మొదట, వాదింపరాదు. నీవు దేవుడవు కావని రుజువు చేయబోయినచో తగవు పెరుగునే గాని రోగము తగ్గదు. అట్లని అవునని వంతపాడనుకూడదు. మెల్లగా, తక్కువ మాటలతో, అతడు నమ్మిన ఒకరిద్దరు మాత్రమే దగ్గరనుండి మాటలాడవలెను. సందడి తగ్గించి, రాత్రి దీపములార్పి, కాఫీ టీలు, సారాయి అందకుండ చూడవలెను. బండి తాళములు, బ్యాంకు కార్డు, పాసుపుస్తకము నమ్మకస్థుల చేతిలో నుండవలెను. ఏ రాత్రి ఎన్ని గంటలు నిద్రించెనో కాగితముపై వ్రాసి వైద్యునికి చూపవలెను. ఒంగోలు, గుంటూరు, కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగములు కలవు. విశాఖపట్టణమున ప్రత్యేక ప్రభుత్వ మానసిక చికిత్సాలయము కలదు. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ కేంద్రమునకు 14416 సంఖ్యతో రాత్రింబవళ్లు ఏ వేళనైనను ఉచితముగ ఫోను చేసి తెలుగులో సలహా పొందవచ్చును. అన్నపానములు మానినను, తనకో యితరులకో హాని తలపెట్టినను, చచ్చిపోదునన్నను, 108 బండిని పిలిచి వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. ఉద్రేకము దిగిన తరువాత జరిగినదెల్ల తలచుకొని రోగి సిగ్గుతో క్రుంగును. ప్రాణము తీసికొను తలంపు కలుగు కాలమది. అప్పుడు ఒంటరిగ విడువరాదు, దెప్పరాదు.

మా తమ్ముని మొదట ఆసుపత్రికి కాక, ఒక స్థలమునకు తీసికొనిపోయి పదునొకండు దినములు స్తంభమునకు కట్టియుంచితిమి. కట్టినది పరులు కారు. ఆ త్రాటి ముడి వేసిన చేతులలో నాదియు నొకటి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, గొలుసులతో కట్టబడిన రోగులున్న పాక అంటుకొని 28 మంది, పారిపోవు వీలులేక, ఆహుతియైరి. ఆ వార్త నేను పత్రికలో చదివినవాడనే. చదివియు కట్టితిని. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని ఏ విధముగనైనను గొలుసులతో బంధించుటను నిషేధించినది. చట్టము లేకున్నను మనకు తెలియవలసిన మాట అది. మ్రొక్కుకొనుడు, గుడికి పోవుడు, తాయెత్తు కట్టుడు. కాదనను. కాని ఆసుపత్రికిని పోవుడు. దేవుడు వలదనడు.

మందులు కలవు. 1949లో ఆస్ట్రేలియా దేశపు వైద్యుడు జాన్ కేడ్ లిథియము అను లవణము ఉద్రేకమును శాంతింపజేయునని ప్రకటించెను. నేటికిని అది ముఖ్యమైన మందులలో నొకటి. ఇతర మందులును కలవు. లిథియము వాడువారు మన ప్రాంతమున కొన్ని సంగతులు మరువరాదు. వైద్యుడు చెప్పిన గడువులకు రక్తములో దాని పరిమాణమును, మూత్రపిండములను, థైరాయిడును పరీక్ష చేయించుకొనవలెను. మన నీటిలో ఫ్లోరైడు అధికము, మనవారికి మూత్రపిండ వ్యాధులును క్రొత్త కావు. ఎండలో చెమటలు క్రక్కి నీరు త్రాగకపోయినను, వాంతులు విరేచనములు పట్టినను, ఉప్పు హఠాత్తుగ మానినను ఆ మందు రక్తములో పేరుకొని విషమగును. కీళ్లనొప్పులకు మనవారు అడుగకయే మ్రింగు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి బిళ్లలును అట్లే చేయును. చేతులు మిక్కిలి వణకుట, మాట ముద్దయగుట, నడక తూలుట, వాంతులు కనబడినచో వెంటనే వైద్యుని చూడవలెను. సంతానము కోరు స్త్రీలు ఆ మాట ముందే వైద్యునితో చెప్పవలెను. వాల్‌ప్రోయేట్ మొదలగు కొన్ని మందులు గర్భస్థ శిశువునకు హాని చేయును. మరియొకటి. క్రుంగుదశకు మందు తీసికొనబోయినప్పుడు, వెనుక ఎప్పుడైన నిద్ర కోరని ఉత్సాహము కలిగియున్నచో అది తప్పక చెప్పవలెను. క్రుంగుదశ మందులు ఒంటిగ వాడినచో కొందరిని అవి ఉద్రేకదశకు త్రోయును.

తగ్గినదికదా యని మందు మానుటయే ఈ వ్యాధి తిరిగివచ్చుటకు రాచబాట. మా తమ్ముడు 2013లో మానెను, మరల పడెను. ఆ తరువాత మేమొక యేర్పాటు చేసికొంటిమి. ప్రతిరోగికిని తనదైన మొదటి గురుతొకటి యుండును. ఇతనిది రాత్రి రెండు గంటలకు లేచి వాకిలి ఊడ్చుట. కులాసాగ నున్న కాలమున తానే ఒక కాగితముపై ఇట్లు వ్రాసియిచ్చెను: చీపురు చప్పుడు మూడు రాత్రులు వరుసగ వినబడినచో నన్ను అడుగకయే వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను, నేను కోపించినను వినరాదు. పై చెప్పిన 2017 చట్టము గూడ, తనకెట్టి చికిత్స కావలెనో వేరొకనాటికై ముందుగ వ్రాసియుంచు హక్కును, తన ప్రతినిధిని నియమించుకొను హక్కును ఇచ్చినది. మా కాగితము మా మరదలి వంటింటి దేవుని పటము వెనుక నున్నది. ఇంతవరకు రెండుమారులు పనికి వచ్చినది. రెండుమారులును ఆసుపత్రిలో చేరకయే గట్టెక్కెను.

తుదకొక మాట. ఆ లక్ష రూపాయల సంగతి మీలో పెద్దలకు జ్ఞాపకముండును. ఆనాటి కార్యదర్శిగారు దాతల పట్టికలో ఆ పేరు వ్రాయలేదు, ఆ తరువాత ఒక్కనాడును అడుగలేదు, ఎవరిని అడుగనీయలేదు. తమ్ముడు కోలుకొని తలవంచుకొని మొదటిసారి ఈ గడప ఎక్కిననాడు, ఆయన పత్రిక చేతికిచ్చి “కూర్చోవయ్యా, ఇవాళ్టిది ఇప్పుడే వచ్చింది” అని మాత్రమే అనిరి. మందు రోగమును తగ్గించినది. మనిషిని ఊరిలో నిలబెట్టినది ఆ మాట. నేడు తమ్ముడు మిగిలిన రెండెకరములు సేద్యము చేయుచున్నాడు, కూతురు చదువుకొనుచున్నది. లక్ష ఈయలేకపోయినను ఈ గ్రంథాలయమునకు ఒక దినపత్రిక చందా ఏటేట అతడే కట్టుచున్నాడు.

మీ యింటగాని పొరుగింటగాని, ఎన్నడును లేని సంతోషము నిద్రను వెళ్లగొట్టి వచ్చినచో చప్పట్లు కొట్టుటకు తొందరపడకుడు. ఇల్లాలిని పిలిచి, ఎన్ని రాత్రులైనదమ్మా యని అడుగుడు. నేను అడుగవలసి అడుగని ప్రశ్న అది. మీరు అడుగుదురుగాక!